మొక్క తన బువ్వ తనే వండుకుంటదంట.. మరి మా బాపు యూరియా లైన్ల ఎందుకు నిలబడ్డట్టు?

నర్సంపేట_రైతుబిడ్డ · ఆదివారం రాత్రి 9:12

అందరికి నమస్తే. మా ఇంట్ల నిన్నటి సంది పంచాయితి నడుస్తున్నది, మీరే తెంపాలె.

మా అక్క బిడ్డ పదో తరగతి. జీవశాస్త్రంల మొదటి పాఠమే పోషణ. ఆకుపచ్చ మొక్కలు స్వయంపోషకాలు, తమ ఆహారం తామే తయారు చేసుకుంటయని చదువుకున్నది. మా బాపు పొద్దుగాల చీకటితోని పోయి, లైన్ల చెప్పులు పెట్టి, పొద్దు తిరిగినంక రెండు బస్తాల యూరియా తెచ్చిండు. ఇంట్ల కాలు పెట్టంగనే పిల్ల "తాతా, వరి తన బువ్వ తనే వండుకుంటది, నువ్వు ఉత్తగనే పైసలు పోస్తున్నవ్" అన్నది. ఇగ సూడాలె ఆయన మొఖం. "అయితె నీ బుక్కు తీస్కపోయి మడిల సల్లు బిడ్డా" అన్నడు.

నవ్వులాట పక్కకు పెడితే అసలు రంది వేరే ఉన్నది. యాసంగి నాటేసి నెల కావస్తున్నది. దొడ్డు రకం, బోరు కింద. యూరియా రెండు దఫాలు పడ్డది, అయినా పైరు పచ్చవడ్తలేదు. జాగ జాగల పాలిపోయింది, ముదురు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు. పిలకలు కూడ తక్కువనే. ఇంకో బస్తా ఎయ్యాలె అంటున్నడు బాపు.

పిల్లకేం చెప్పాలె, బాపుకేం చెప్పాలె?

ఎర్రచెల్క · ఆదివారం రాత్రి 9:31

ఇంకో బస్తా వద్దు. జింకు దోషం లెక్క కొడుతున్నది. మచ్చలున్న ఆకు తెంపి వంచి సూడు, పెళుసుగ ఫట్టుమని ఇరిగితె అదే. మా తొర్రూరు దిక్కు బోర్ల కింద ప్రతి యాసంగి ఇదే కథ. పిల్ల ముచ్చట సార్లు చెప్తరు.

బయోమాస్టర్_హన్మకొండ · ఆదివారం రాత్రి 10:05

సార్లను పిలిచారు కాబట్టి వచ్చాను, కొంచెం పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

మీ మేనకోడలు చెప్పింది నిజం. మీ నాన్నగారు చేసిందీ నిజం. ఇద్దరూ రెండు వేరే సంగతులు మాట్లాడుతున్నారు.

మొక్క ఒళ్లు దేనితో తయారవుతుందన్నది చాలా పాత ప్రశ్న. వాన్ హెల్మాంట్ అనే ఆయన 200 పౌన్ల ఎండు మట్టి తొట్టిలో పోసి, 5 పౌన్ల విల్లో మొక్క నాటాడు. ఐదేళ్లు నీళ్లు తప్ప మరేమీ పోయలేదు. ఐదేళ్లకు చెట్టు 169 పౌన్లు తూగింది. మట్టి తరిగింది రెండు ఔన్సులు, మన లెక్కలో అరవై గ్రాములు కూడా లేదు. ఆయన పోయాక 1648లో ఈ సంగతి అచ్చయింది. చెట్టంతా నీళ్లలోంచే వచ్చిందని తేల్చాడాయన. బొగ్గు కాలితే ఓ వాయువు వస్తుందని గుర్తించిన మనిషే, చెట్టు దగ్గరికొచ్చేసరికి గాలిని లెక్కలోకి తీసుకోలేదు!

గాలి సంగతి తేలడానికి ఇంకో వందేళ్లకు పైనే పట్టింది. 1779లో ఇంగెన్‌హౌజ్ అనే శాస్త్రవేత్త ఒక మాట నిలబెట్టాడు: మొక్క గాలిని బాగుచేసేది వెలుతురు ఉన్నప్పుడే, అదీ పచ్చని భాగాలతోనే. ఇప్పుడు మనకు తెలిసినంతలో కథ ఇదీ: ఆకు మీది పత్రరంధ్రాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోతుంది. గాలిలో అది 0.04 శాతం, అంతే. వేరు నుంచి నీళ్లు పైకి వస్తాయి. పత్రహరితం పట్టిన ఎండ శక్తితో నీటి అణువు విడిపోతుంది. మనం పీల్చే ఆక్సిజన్ ఆ నీటిలోదే, కార్బన్ డయాక్సైడ్‌లోది కాదు. పదో తరగతి పిల్లల్లో సగం మంది ఇక్కడే తప్పు రాస్తారు, మీ మేనకోడలికి చెప్పండి. నీటిలోంచి వచ్చిన హైడ్రోజన్, గాలిలోంచి వచ్చిన కార్బన్ కలిసి చక్కెర అవుతుంది. అదే మొక్క బువ్వ. పిండి పదార్థంగా దాచుకునేది, పీచుగా ఒళ్లు పెంచుకునేది, రాత్రిపూట కరిగించుకుని బతికేది అన్నీ దాంట్లోంచే.

మరి యూరియా ఎందుకంటారా? అది ఇచ్చేది నత్రజని. పత్రహరితం అణువు నడుమ ఒక మెగ్నీషియం, దాని చుట్టూ నాలుగు నత్రజని పరమాణువులు ఉంటాయి. కార్బన్‌ను పట్టుకునే రూబిస్కో అనే ఎంజైము ప్రోటీను, అంటే దానికీ నత్రజని కావాలి. వరి లాంటి పైర్లలో ఆకులోని నత్రజనిలో పెద్ద వాటా ఆ ఒక్క ఎంజైముకే పోతుంది. వీటిని ఒట్టి చక్కెరతో చేసుకోలేదు మొక్క, నత్రజనిని వేరుతో మట్టిలోంచి లాక్కోవాలి. యూరియా బువ్వ కాదు, పొయ్యి కట్టుకునే ఇటుకలు అని చెప్పి చూడండి, తాతామనవరాలు ఇద్దరూ నెగ్గినట్టే.

నర్సంపేట_రైతుబిడ్డ · ఆదివారం రాత్రి 10:20

సార్ దండం. పిల్లకు సదివి వినిపించిన. "మరి పొయ్యి కట్టినంక మళ్లమళ్ల ఇటుకలెందుకు తాతా" అంటున్నది. ఇగ నేను పండుకుంట.

పసుపుకొమ్ము_జగిత్యాల · సోమవారం ఉదయం 6:48

మేం ఎన్నేండ్ల సంది చెప్తున్నది గదే కద సార్! చెట్టు ఒంట్ల 98.5 శాతం గాలి, నీళ్లకెళ్లి వచ్చిందే. భూమిలకెళ్లి తీసుకునేది ఒకటిన్నర శాతం. ఆ ఒకటిన్నర కోసం బస్తాలకు బస్తాలు కుమ్మరిచ్చుడు. ఏటూరునాగారం అడవిల టేకు చెట్లకు ఎవలు సల్లుతున్నరు యూరియా? ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండితోని జీవామృతం చేసి పారిస్తె సాలు. నా పసుపు వచ్చి సూడుండ్రి ఎవలన్న.

ఎర్రచెల్క · సోమవారం ఉదయం 7:15

కొమ్మన్నా, నీ పసుపు మంచిగనే ఉంటది, నేను కాదన. దుక్కిల ఎకరాకు పది టన్నుల పెంట తోలుతవు కద, ఆ ముచ్చట ఎందుకు చెప్పవు మరి?

ఏజీ_బీఎస్సీ · సోమవారం ఉదయం 8:02

ఆ ఒకటిన్నర శాతం దగ్గరే ఆగుదాం. శాతంగా చూస్తే చిన్నగా కనిపిస్తుంది, తూకం వేస్తే తెలుస్తుంది.

ఎకరాకు 25 క్వింటాళ్ల వడ్లు అనుకోండి. గడ్డి కూడా ఇంచుమించు అంతే. మొత్తం 5 టన్నులు. అందులో కార్బన్ సుమారు 2 టన్నులు, అదంతా గాలిలోంచే. అంటే ఒక్క ఎకరం వరి నాలుగు నెలల్లో 7 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఒంట్లో కలుపుకున్నట్టు. ఎవరూ బిల్లు అడగలేదు, లైన్లో నిలబెట్టలేదు. పెద్ద వాటా గాలి, నీళ్లదే అని పసుపుకొమ్ము అన్న చెప్పినంతవరకు నిజం.

అదే 5 టన్నుల్లో నత్రజని 40 నుంచి 50 కిలోలు ఉంటుంది. ఒక్క శాతమే! కానీ ఆ 40 కిలోలు పొలంలోంచి పోయాయి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. వేసినదంతా మొక్కకు చేరితే రెండు బస్తాలు సరిపోవాలి. నీళ్లు నిలిచే మడిలో సగం కూడా చేరదు, కొంత ఆవిరైపోతుంది, కొంత అడుక్కు దిగిపోతుంది.

అడవి సంగతి. అడవిలో రాలిన ఆకు అక్కడే మురుగుతుంది, తీసుకున్నది అక్కడికే తిరిగొస్తుంది. మన వడ్లు కాంటా అయి లారీ ఎక్కుతాయి. మిగిలిన గడ్డిని కోత మిషన్ పోయిన మర్నాడే అంటుపెడుతున్నాం. వరి తీసుకున్న పొటాష్‌లో దాదాపు 80 శాతం గింజలో కాదు, గడ్డిలోనే ఉంటుంది. నిప్పు పెడితే నత్రజని పొగలో పోతుంది, పొటాష్ బూడిదలో మిగిలినా మొదటి వానకు కొట్టుకుపోతుంది. యూరియా మీద మన గొడవ కన్నా ఇదే నాకు ఎక్కువ బాధ.

ఇక జీవామృతం: 200 లీటర్ల డ్రమ్ముకు 10 కిలోల పేడ. ఆ పేడలో నత్రజని 50 గ్రాములు దాటదు. పది టన్నుల మాగిన పెంటలో మాత్రం 50 కిలోలు ఉంటుంది. పసుపు పండించింది ఏదో మీరే చూసుకోండి.

పసుపుకొమ్ము_జగిత్యాల · సోమవారం ఉదయం 8:40

పెంట వేయొద్దని మేం ఎన్నడన్నం? జీవామృతం తూకం కోసం కాదు, భూమిల సూక్ష్మజీవుల కోసం. సచ్చిన భూమిల ఎంత పెంట పోసినా అట్లనే ఉంటది. డబ్బా లెక్కలతోని వ్యవసాయం నడవది తమ్మీ.

ఏజీ_బీఎస్సీ · సోమవారం ఉదయం 8:55

సూక్ష్మజీవుల మాట ఒప్పుకుంటాను అన్నా. పెంటలోని నత్రజనిని వేరు నేరుగా తాగలేదు. సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టి అమ్మోనియం, నైట్రేట్ చేస్తేనే వేరు లోపలికి పోతుంది. యూరియాకూ మట్టిలో అదే దారి. వేరు దగ్గరికి వచ్చేసరికి ఆ నైట్రేట్ బస్తాలోదా ఆవుదా అని మొక్క అడగదు. కాకపోతే పెంట మెల్లమెల్లగా నెలల తరబడి ఇస్తుంది, మట్టిని గుల్ల చేస్తుంది, యూరియా ఆ పని చేయదు. మట్టిలో లేని పొటాష్‌ను సూక్ష్మజీవి పుట్టించలేదు అన్నదే నా మాట.

గోదావరిఖని_పోరడు · సోమవారం మధ్యాహ్నం 1:10

గాలిల 78 శాతం నత్రజనే అని మేం కూడ సదివినం. మరి వరి ఆ పక్కనే ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను పడ్తది గని నత్రజనిని ఎందుకు పట్టది? గంత పెద్ద చెర్ల నిలబడి దూపకు సచ్చినట్టున్నది కద.

బయోమాస్టర్_హన్మకొండ · సోమవారం మధ్యాహ్నం 1:52

మంచి ప్రశ్న. ప్రతి ఎకరం నెత్తి మీద గాలిలో ముప్పై వేల టన్నులకు పైగా నత్రజని నిలబడి ఉంది. అయితే రెండు పరమాణువులు మూడు బంధాలతో పెనవేసుకుని ఉంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము ఏ మొక్కకూ లేదు. అది కొన్ని బ్యాక్టీరియాల సొత్తు.

మీ ఊరి పక్కన రామగుండంలో జరుగుతున్నది ఆ విడగొట్టే పనే కదా. గాలిలోంచి నత్రజని, సహజవాయువులోంచి హైడ్రోజన్ తీసి, విపరీతమైన వేడి, ఒత్తిడి పెట్టి అమ్మోనియా చేస్తారు, దాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి యూరియా చేస్తారు. హేబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1909లో ప్రయోగశాలలో చూపించిన దారి అది.

గోదావరిఖని_పోరడు · సోమవారం మధ్యాహ్నం 2:06

అవు సార్. పాత ఫ్యాక్టరీ బొగ్గుతోని నడిచేది, 1999ల మూతపడ్డది. మా నాయిన ఆ ముచ్చట్లు చెప్తుంటె కండ్లల్ల నీళ్లు తీస్తడు. ఇప్పటిది గ్యాసుది, 2021ల మొదలైంది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల కెపాసిటి. గంత చేసినా మీరు లైన్ల చెప్పులు పెడ్తున్నరంటె మాకే సిగ్గనిపిస్తది.

ఎర్రచెల్క · సోమవారం మధ్యాహ్నం 2:30

అదే పని జీలుగ ఏరు పొగ, సప్పుడు లేకుంట చేస్తది పోరగా. వానాకాలం మొదటి వానకు జీలుగ సల్లి, పూతకు రాంగనే నీళ్లు పెట్టి కలియదున్నుతం. ఒకపారి పీకి సూడు, ఏర్ల మీద శెనిగ గింజల లెక్క బుడిపెలుంటయి. గోటితోని గిచ్చితె లోపల గులాబి రంగు ఉంటె మంచిగ పనిచేస్తున్నట్టు. తెల్లగనో ఆకుపచ్చగనో ఉంటె అది ఉత్తదే. పెసర, కంది, పల్లి ఏర్లకు కూడ ఉంటయి.

బయోమాస్టర్_హన్మకొండ · సోమవారం సాయంత్రం 5:15

కాకా, ఆ గులాబీ రంగు మన నెత్తురులోని హిమోగ్లోబిన్‌కు చుట్టమే, లెగ్‌హిమోగ్లోబిన్. నత్రజనిని విడగొట్టే ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. బుడిపెల్లో ఉండి ఆ పని చేసే బ్యాక్టీరియాకు బతకడానికేమో ఆక్సిజన్ కావాలి. ఈ ఎర్రని పదార్థం ఆక్సిజన్‌ను పట్టి ఉంచి కొంచెం కొంచెంగా అందిస్తుంది. మొక్క బ్యాక్టీరియాకు చక్కెర పెడుతుంది, బ్యాక్టీరియా మొక్కకు అమ్మోనియా ఇస్తుంది. ఊరికే ఏదీ రాదు, జీలుగ కూడా తన ఆకులో చేసుకున్న చక్కెరతోనే కిరాయి కడుతుంది. ఈసారి మా పిల్లలను పొలానికి తీసుకెళ్లి బుడిపెలు గిల్లించాలి, బోర్డు మీద బొమ్మ గీస్తే ఏం తెలుస్తుంది.

నర్సంపేట_రైతుబిడ్డ · సోమవారం సాయంత్రం 6:40

ఎర్రచెల్క కాకా, ఇయ్యాల పొద్దుగాల మడిల దిగి సూసిన. మీదికెళ్లి మూడో ఆకు, నాలుగో ఆకు నడిమి ఈనె పాలిపోయి ఉన్నది. ముదురాకు మీద ఈనెకు అటు ఇటు ఇటుక రంగు మచ్చలు. వంచితె కరకర ఇరిగింది. బాపు కూడ సూసిండు, ఏం మాట్లాడలే, బీడి ముట్టిచ్చిండు.

బోరు నీళ్లు దునికే కాడనే ఎక్కువున్నది. దుకాణంల అడిగితె ఏదో సూక్ష్మపోషకాల మిక్చరు డబ్బా ఇచ్చి, డీఏపీల కలిపి సల్లు అన్నడు. సల్లాల్నా?

ఏజీ_బీఎస్సీ · సోమవారం రాత్రి 7:25

డీఏపీలో కలపకండి, దాంట్లో భాస్వరం ఉంటుంది. జింకు, భాస్వరం ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, రెండూ మొక్కకు అందవు. రెండింటికీ మధ్య మూడు నాలుగు రోజులైనా ఎడం ఉండాలి.

ఇప్పుడు నిలబడ్డ పైరుకు: లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి ఆకులు తడిసేలా కొట్టండి. ఐదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు. పురుగుల మందులో కలపొద్దు. పొద్దున మంచు ఆరాక గానీ సాయంత్రం గానీ కొట్టండి. కొత్తగా వచ్చే ఆకు పచ్చగా వస్తే పనిచేసినట్టు. మచ్చలు పడ్డ పాత ఆకులు మళ్లీ పచ్చబడవు, వాటిని చూసి దిగులు పడకండి. వచ్చేసారి ఆఖరు దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేస్తే మూడు పంటల దాకా చూసుకోనక్కర్లేదు.

నీళ్లు పడే చోటే ఎందుకంటే, మన బోరు నీళ్లల్లో బైకార్బనేట్లు అనే లవణాలు ఎక్కువ, అవి జింకును అందకుండా చేస్తాయి. పైగా బోరు కింద ఆ మూల ఎప్పుడూ ఆరదు. యాసంగిలో చలికి వేరు సాగదు. జింకు మట్టిలో జరిగి రాదు, వేరు తానే దాని దగ్గరికి పోవాలి.

యూరియా వేసినా ఎందుకు పచ్చబడలేదంటే, నత్రజని లోపలికి పోయింది గానీ ప్రోటీన్ కాలేదు. ఆ కలిపే పనిలో జింకు కావాలి. జర్మనీలో స్ప్రెంగెల్ చెప్పి, 1840 తర్వాత లీబిగ్ ఊరూరా చాటిన మాట ఇదే: ఏ పోషకం అన్నిటికన్నా తక్కువైతే పంట అక్కడే ఆగుతుంది, మిగతావి ఎంత పోసినా వృథా. మొక్కకు తప్పనిసరి మూలకాలు 17. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ మూడూ గాలి, నీళ్లు ఇస్తాయి. మిగతా 14 మట్టివి. కొన్ని కిలోల్లో, కొన్ని గ్రాముల్లో. ఎకరం వరి తీసుకునే జింకు వంద, రెండు వందల గ్రాముల లెక్కే, కానీ అది లేక మీ రెండు బస్తాల యూరియా పడుకుంది.

మిద్దెతోట_కాజీపేట · సోమవారం రాత్రి 9:03

మడి కట్టిన వాళ్ల మధ్యలో నేను కుండీల మనిషిని, ఏమనుకోకండి. రెండు సందేహాలు.

ఒకటి, ఎర్ర తోటకూర. ఆకంతా ఎరుపే కదా, పచ్చదనమే లేని ఆకు వండుకునేది ఎట్లా?

రెండు, మా టమాటాలు కాయ అడుగున నల్లగా పుండు పడి కుళ్లుతున్నాయి. కాల్షియం లోపమని ఎవరో చెబితే కోడిగుడ్డు పెంకులు దంచి వేశాను. ఏమీ కాలేదు.

బయోమాస్టర్_హన్మకొండ · సోమవారం రాత్రి 9:30

తోటకూర ఉడికించినప్పుడు గిన్నెలో చూడండి అక్కా. ఎర్రదనమంతా నీళ్లలోకి దిగిపోతుంది, ఆకు మాత్రం పచ్చగా బయటపడుతుంది. పత్రహరితం ముందునుంచీ ఉంది, ఎరుపు దాన్ని కప్పేసింది. ఎరుపు నీళ్లలో కరుగుతుంది, పత్రహరితం కరగదు. బడిలో ఆకును స్పిరిట్‌లో ఉడికించి అయోడిన్ చుక్క వేసి నీలి నలుపు చూపిస్తాం కదా, ఎర్ర తోటకూర ఆకుతో చేసినా పిండి పదార్థం కనిపిస్తుంది.

ఇంకో ముచ్చట, తోటకూర, మక్క, జొన్న, చెరుకు ఒక జట్టు. వరి, పత్తి, మిరప ఇంకో జట్టు. మొదటి జట్టు కార్బన్‌ను ముందే పోగేసి రూబిస్కో ముందు పెడుతుంది, అందుకే మండే ఎండలో కూడా దాని వంట ఆగదు. మే నెలలో మీ మిద్దె మీద మిగతావన్నీ వాడిపోయినా తోటకూర దర్జాగా ఉంటుంది, గమనించారా?

ఏజీ_బీఎస్సీ · సోమవారం రాత్రి 9:48

టమాటా సంగతి: గుడ్డు పెంకు కరగడానికి నెలలు పడుతుంది, ఈ కాపుకు అందదు. అయినా కుండీలో కాల్షియం లేకపోవడం చాలా అరుదు. కాల్షియం నీళ్లతో పాటే పైకి పోతుంది, ఒకచోట చేరాక మళ్లీ కదలదు. నీరు ఎక్కువ ఆవిరయ్యేది ఆకుల నుంచి కాబట్టి ఆకులకే ఎక్కువ పోతుంది. కాయ చివర అన్నిటికన్నా ఆఖరు. ఒకరోజు కుండీ ఎండబెట్టి మర్నాడు నింపేస్తే కాయకు అందే కొంచెం కూడా ఆగిపోతుంది. రోజూ సమానంగా నీళ్లు పోయండి, కుండీ మీద ఎండుటాకులు కప్పండి. యూరియా, పేడనీళ్లు కొన్నాళ్లు ఆపండి.

కదిలేవి, కదలనివి అన్న తేడా పట్టుకుంటే సగం జబ్బులు చూడగానే తెలుస్తాయి. నత్రజని, పొటాష్, మెగ్నీషియం మొక్క ఒంట్లో కదులుతాయి, కరువొస్తే ముసలి ఆకుల్లోంచి లాగి లేత ఆకుకు ఇస్తుంది. కాబట్టి పసుపు కింది నుంచి మొదలవుతుంది. ఇనుము, కాల్షియం, బోరాన్ కదలవు. దెబ్బ చిగురు మీద కనిపిస్తుంది. పత్తిలో కింది ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో ఎర్రబడితే మెగ్నీషియం, లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్. సున్నం ఎక్కువున్న నేలలో పల్లి చిగురు తెల్లబోతే ఇనుము.

చెరువుకింద_మడి · మంగళవారం ఉదయం 5:55

ములుగు దిక్కు, చెరువు ఆయకట్టు. బోర్లోళ్ల తిప్పలు ఒక తీరు, మాది ఇంకో తీరు. ఇరవై నాలుగు గంటలు నీళ్లు. మడి ఆరబెట్టుడు అన్నదే లేదు. నాటు పచ్చ తిరుగుతలేదు, దుబ్బు చేస్తలేదు. మడిల నడుస్తె కాలు కింద బుడగలు బుడుక్కుమని వస్తయి, మురిగిన కోడిగుడ్డు వాసన. జింకు రెండుసార్లు కొట్టిన, ఫరకు లేదు.

ఎర్రచెల్క · మంగళవారం ఉదయం 6:20

ఒక మొక్క పీకి ఏరు కడిగి సూడు. ఎర్రగ, తెల్లగ ఉండాలె. నల్లగ ఉన్నదా?

చెరువుకింద_మడి · మంగళవారం ఉదయం 7:02

నల్లగనే ఉన్నది కాకా. లాగితె ఊడి వచ్చింది.

ఎర్రచెల్క · మంగళవారం ఉదయం 7:10

ఏ మందు వద్దు. పల్లం దిక్కు గండి కొట్టి నీళ్లు తీసెయ్యి. సన్న నెర్రెలు వారేదాక ఆరబెట్టు, తర్వాత పలుచగ కట్టు. పక్కోనికి కోపమొస్తది, పర్వాలేదు.

ఏజీ_బీఎస్సీ · మంగళవారం ఉదయం 8:15

కాకా చెప్పిందే మందు. దీన్ని సల్ఫైడ్ దెబ్బ అంటారు. గాలి లేని బురదలో సూక్ష్మజీవులు సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి, ఆ వాసనే అది. వేరుకు విషం.

పాఠంలో సరిగా చెప్పని ముక్క ఇక్కడుంది. నీళ్లు ఆకు లాగితే ఊరికే ఎక్కుతాయి గానీ, నైట్రేట్, పొటాష్ లాంటివి అట్లా రావు. మట్టిలో పలుచగా, వేరులో చిక్కగా ఉంటాయి కాబట్టి వేరు బలం పెట్టి లోపలికి లాక్కోవాలి. ఆ బలం చక్కెర కరిగిస్తే వస్తుంది, కరిగించడానికి ఆక్సిజన్ కావాలి. వరికి కాండం లోపల గాలి గొట్టాలుంటాయి, ఆకు నుంచి వేరుకు ఆక్సిజన్ పంపుకుంటుంది. ఆ గాలి తగిలి వేరు చుట్టూ ఇనుము తుప్పు పడుతుంది, కాకా చెప్పిన ఎర్ర వేరు అదే. సల్ఫైడ్ మితిమీరితే ఆ కాపలా కూలిపోయి వేరు నల్లబడుతుంది. నువ్వు మడిలో ఎన్ని వేసినా లాక్కోవడానికి వేరు లేదు.

పత్తికి ఆ గొట్టాలు కూడా లేవు. అందుకే పెద్ద వాన పడి చేను నిలువ కడితే రెండు మూడు రోజుల్లో పసుపు తిరుగుతుంది, మట్టిలో ఎరువు నిండుగా ఉన్నా సరే. ముందు నీళ్లు తీయాలి, తర్వాత లీటరుకు 20 గ్రాముల యూరియానో 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్)నో ఆకు మీద కొట్టి, వేరు తేరుకునేదాకా నెట్టుకురావాలి.

నర్సంపేట_రైతుబిడ్డ · మంగళవారం ఉదయం 9:20

మా పిల్ల ఇంకో ప్రశ్న: చెట్టు రాత్రి మన గాలి గుంజుకుంటది, చింతచెట్టు కింద పండుకుంటె సస్తరు అని అమ్మమ్మ చెప్పిందట. నిజమేనా?

బయోమాస్టర్_హన్మకొండ · మంగళవారం ఉదయం 9:41

చెట్టు పగలూ శ్వాసిస్తుంది, రాత్రీ శ్వాసిస్తుంది. రాత్రి వండుకోవడం ఉండదు కాబట్టి ఆక్సిజన్ తీసుకోవడమే కనిపిస్తుంది. ఆరుబయట గాలిలో అదో లెక్క కాదు. తేళ్లు, పాములు ఉంటాయి కాబట్టి అమ్మమ్మ మాట వినమనండి.

పసుపుకొమ్ము_జగిత్యాల · మంగళవారం మధ్యాహ్నం 12:30

అన్నీ విన్న. భాస్వరం ముచ్చట ఎవరూ ఎత్తలేదు. మా దగ్గర భూసార పరీక్ష చేపిచ్చినోళ్లల్ల మస్తు మందికి భాస్వరం ఎక్కువ అని వచ్చింది. అయినా దుక్కిల డీఏపీ లేంది నాటు కాదంటరు. గిదేం పద్ధతి?

ఏజీ_బీఎస్సీ · మంగళవారం మధ్యాహ్నం 1:18

దీంట్లో నేను పూర్తిగా మీ దిక్కే అన్నా. వేసిన భాస్వరంలో ఆ పంట తీసుకునేది ఐదో వంతు, అంతకన్నా తక్కువే. మిగతాది ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియంతో, రేగడిలో కాల్షియంతో ముడిపడి అక్కడే కూచుంటుంది. ఏళ్ల తరబడి ఎకరాకు బస్తా చొప్పున వేసిన డీఏపీ అట్లా పోగైంది. కాగితంలో 'ఎక్కువ' అని వస్తే భాస్వరం తగ్గించొచ్చు. ముడిని విప్పే బ్యాక్టీరియా పొడి ఎకరాకు 2 కిలోలు, మాగిన పెంటలో కలిపి నీడలో తడి ఆరకుండా కొన్ని రోజులు పెట్టి దుక్కిలో చల్లండి. రసాయన ఎరువులో కలపకండి, చచ్చిపోతాయి. వానాకాలం వరిలో ధైర్యంగా తగ్గించండి, మడిలో నీళ్లు నిలిస్తే ఇనుము పట్టు సడలి భాస్వరం కొంత దానంతటదే విడుదలవుతుంది. యాసంగి చలిలో అంత విడుదల కాదు, అప్పుడు కొంచెం వేయాలి.

మట్టి మాత్రం సరిగా తీయండి. గెట్టు పక్కన, చెట్టు కింద, పెంట కుప్ప పెట్టిన జాగలో తీయొద్దు. పొలంలో ఎనిమిది పది చోట్ల జానెడు కన్నా కొంచెం తక్కువ, ఆరు అంగుళాల లోతు గుంట తీసి, అంచు వెంబడి పైనుంచి కింది దాకా పలుచని పొర గీకాలి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేస్తూ అరకిలో మిగిల్చి నీడలో ఆరబెట్టాలి.

చెరువుకింద_మడి · మంగళవారం మధ్యాహ్నం 2:00

నీళ్లు తీసేసిన. పక్క మడోడు లొల్లి మొదలువెట్టిండు. మట్టి ఇప్పుడు తీస్తె నడుస్తదా, కోతలైనంకనా?

ఏజీ_బీఎస్సీ · మంగళవారం మధ్యాహ్నం 2:14

కోతలైనంక. ఎండాకాలం మడి పూర్తిగా ఆరినప్పుడు, పెంట తోలకముందు. సూక్ష్మపోషకాలు కూడా చూడమని రాయండి, మామూలు పరీక్షలో జింకు ఉండకపోవచ్చు.